మణికట్టుకున్న భాగ్యం వెన్నుకు లేదా?

మన దేశంలో పదహారేళ్ళలోపు పోటీలకు వచ్చే కుర్రవాడి మణికట్టుకు క్రికెట్ బోర్డు ఎక్స్‌రే తీయిస్తుంది. వయసు దాచాడేమోనని. టీడబ్ల్యూ3 అనే పద్ధతిలో ఎముకల ఎదుగుదలను లెక్కగట్టి అర్హుడో కాదో తేలుస్తారు. మంచిదే. దొంగను పట్టడానికి ఎముకను చూడగలిగినవారు, అదే పిల్లవాడిని కాపాడడానికి వెన్నెముకను ఎందుకు చూడరన్నదే నా ప్రశ్న.

ఫాస్ట్ బౌలరు ముందుకాలు నేలను తాకిన క్షణంలో ఒంటి బరువుకు ఎన్నో రెట్ల తాకిడి ఎదురొస్తుంది. సరిగ్గా అప్పుడే నడుము పక్కకు ఒరిగి మెలి తిరుగుతుంది. ఆ భారం వెన్నుపూస వెనుకనుండే సన్నటి ఎముక వంతెన మీద పడుతుంది. కుడిచేతివాటం వాడికి సాధారణంగా ఎడమవైపున. ఇరవైల్లోకి వచ్చాక గాని ఆ ఎముక పూర్తిగా గట్టిపడదు. మనవాళ్ళేమో పద్నాలుగేళ్ళవాడి చేతికి బంతిచ్చి, "ఇంకో రెండు ఓవర్లెయ్యి నాన్నా" అంటారు.

నొప్పి మొదలైన తొలినాళ్ళలో ఎక్స్‌రేలో తరచు ఏమీ కనబడదు. కండరం పట్టిందని తైలం రాసి పంపేస్తారు. పగులు గీత పడకముందే ఎముక మూలుగలో నీరు చేరుతుంది, ఎమ్మారైలో అది తెల్లగా మెరుస్తుంది. అప్పుడే బంతి పక్కనపెడితే ఎముక కోలుకునే అవకాశం ఎక్కువ. సీటీ స్కాను విరుగును చక్కగా చూపుతుంది గాని, ఎదిగే పిల్లలకు ఆ రేడియేషను ఎందుకు? ఎమ్మారైకి ఆ బెడద లేదు. నడుము కండరాలు ఒకపక్కే బలిశాయా అన్నదీ దానితోనే కొలవవచ్చు.

పాట్ కమిన్స్ 2011లో పద్దెనిమిదేళ్ళ వయసున జొహానెస్‌బర్గ్‌లో తొలి టెస్టు ఆడి ఏడు వికెట్లు తీశాడు. రెండో టెస్టు 2017లో! నడుమ వెన్ను పగుళ్ళు, ఇతర గాయాలు. వెనక ఒక వ్యవస్థ ఉంది గనుక తిరిగొచ్చాడు. గుంటూరు కుర్రవాడి వెనక ఎవరున్నారు?

ఖరీదంటారు. నిజమే, అందరికీ తీయమనడం లేదు. పైగా నొప్పి లేనివాళ్ళలోనూ ఆ మెరుపు కనబడుతుంది. ఫిల్ము చూసి బెదిరి ఆట మాన్పించడం మరో మూర్ఖత్వం. రాష్ట్ర జట్టుకు ఎంపికైన ఫాస్ట్ బౌలర్లకు సీజనుకొకసారి, నడుంనొప్పి తగ్గని ప్రతి కుర్రవాడికీ వెంటనే తీయించమంటున్నాను.

స్కాను కుదరకపోతే ఓవర్ల లెక్కయినా రాయండి. ఏ వయసువాడు రోజుకెన్ని వెయ్యాలో ఇంగ్లండు బోర్డు ఏనాడో నియమం పెట్టింది. నేను చూసిన అకాడమీల్లో ఫీజు రసీదు పుస్తకం తప్ప మరో పుస్తకం కనబడలేదు.