దీపం కింద చీకటి

పోయినేడు దసరా సెలవుల్లో ఒకరోజు నా ఫోన్‌లో దాచుకున్న బొమ్మలు లెక్కపెట్టాను. మూడు వందల పైనే ఉన్నాయి. అన్నీ దీపాలే. సీసాలో దీపం, కొబ్బరి చిప్పలో దీపం, ఐస్‌క్రీమ్ పుల్లలతో లాంతరు, ఊలు దారంతో గుండ్రటి బుట్ట. మధ్యాహ్నం వంట సర్దేసి, ఇంట్లో అందరూ కునుకు తీస్తుంటే నేను ఆ బొమ్మలు చూస్తూ కూర్చునేదాన్ని. మీలో చాలామందికి ఈ జబ్బు ఉందని నాకు తెలుసు, కాబట్టి సిగ్గుపడకుండానే చెబుతున్నా.

దీపావళికి ముందు వారం రోజులు కష్టపడి పని మొదలుపెట్టాను. ఖాళీ సీసాలు కడిగి ఆరబెట్టి, సన్నటి సీరియల్ లైట్లు లోపలికి దూర్చాను. హాల్లో టీవీ వెనక గోడకి అద్దం ముక్కలు అతికించాను. పాత వెంకటగిరి చీర ఒకటి, జరీ అంచు బాగానే ఉండి మధ్యలో చిరిగిపోయింది, దాన్ని కిటికీకి కర్టెన్‌గా కుట్టాను. సాయంత్రం స్విచ్ వెయ్యగానే హాలు పెళ్ళిమంటపంలా అయిపోయింది. వచ్చినవాళ్ళందరూ మెచ్చుకున్నారు. మా ఆయన కూడా, మామూలుగా "ఎంతైంది?" అని మాత్రమే అడిగే మనిషి, ఫోటో తీసి వాళ్ళ ఆఫీసు గ్రూపులో పెట్టుకున్నారు.

దీపావళి వెళ్ళిన వారానికి మా అత్తమ్మ పడిపోయింది.

మాది మైపాడు దగ్గర ఊరు. మా వైపు వానాకాలం అంటే జూన్, జులై కాదు. దీపావళి ముందూ వెనకా సముద్రం మీద నుంచి వచ్చే వానలే మాకు వానలు. ఆ రాత్రి కూడా జల్లు పడుతోంది. అత్తమ్మ రెండు గంటలప్పుడు లేచి, వెనక వసారాలో రెండు మెట్లు దిగి, బాత్రూమ్‌కి వెళ్ళబోయింది. తడి రాయి. చీకటి. రెండో మెట్టు కనపడలేదు. కుడి మణికట్టు ఎముక చిట్లింది. ఆరు వారాలు కట్టు.

పక్కన కూర్చుని నేను ఏడుస్తుంటే ఆమె అన్న మాట ఇంకా చెవిలోనే ఉంది: "పడింది నేను గదా, నువ్వెందుకమ్మే ఏడస్తా ఉండావు?"

"లైటు వేసుకోవచ్చు కదా అత్తమ్మా" అంటే, "నా ఒక్కదాని కోసరం లైటెందుకు, కరెంటు దండగ. నలభై ఏళ్ళ నుంచి తిరగతా ఉండా ఈ ఇంట్లో, కళ్ళు మూసుకోని పోతా" అంది.

వెనక వసారా లైటు స్విచ్ ఎక్కడుందో తర్వాత చూశాను. మెట్లు దిగాక, అవతలి గోడకి ఉంది. అంటే లైటు వేసుకోవాలంటే ముందు చీకట్లో మెట్లు దిగాలి. పెళ్ళై వచ్చి ఇరవై రెండేళ్ళయింది, ఆ సంగతి నాకు ఎప్పుడూ తట్టలేదు. హాల్లో మాత్రం ఆ వారం మొత్తం నలభై చిన్న బల్బులు వెలుగుతున్నాయి. దీపం కింద చీకటి అని పెద్దవాళ్ళు ఊరికే అనలేదు.

అప్పటి నుంచి నాకు ఒక అభిప్రాయం గట్టిపడింది. ఇంటిని అందంగా చేసుకోవడానికి ఐడియాలు ఫోన్‌లో వెతకడం రెండో పని. మొదటి పని, రాత్రి పూట లైట్లన్నీ ఆర్పేసి మన ఇంట్లో మనమే ఒకసారి తిరగడం.

నేను అలాగే చేశాను. అందరూ పడుకున్నాక, అత్తమ్మ మంచం దగ్గర నుంచి బాత్రూమ్ దాకా, నా మంచం నుంచి వంటింట్లో మంచినీళ్ళ దాకా, వీధి గేటు నుంచి తలుపు తాళం దాకా నడిచాను. తర్వాత మళ్ళీ అదే దారి, మేము రోజూ వేసుకునే లైట్లు వేసుకుని నడిచాను. మూడు విషయాలు తెలిశాయి.

మొదటిది వెనక మెట్లు. అది చెప్పేశాను.

రెండోది నా వంటిల్లు. ట్యూబ్‌లైటు నా వీపు వెనక గోడకి ఉంది. గట్టు దగ్గర నిలబడితే నా నీడ నా కత్తిపీట మీదే పడుతుంది. ఇరవై రెండేళ్ళుగా నా నీడలో నేనే కూరగాయలు తరుక్కుంటున్నాను, బియ్యంలో రాళ్ళు ఏరుకుంటున్నాను. మీ వంటింట్లో ఒకసారి చూసుకోండి. ఇల్లు కట్టేటప్పుడు వంటింటి లైటు ఎక్కడ పెట్టాలో అక్కడ వంట చేసే మనిషిని ఎంతమంది అడుగుతారు? హాల్లో షాండ్లియర్ ఎక్కడ వేలాడాలో మాత్రం ఇంటిల్లిపాదీ చర్చించుకుంటారు.

మూడోది అత్తమ్మ మంచం ఎదురుగా ఉన్న బల్బు. తెల్లటి ఎల్.ఇ.డి., మూత లేదు, సరిగ్గా ఆమె కళ్ళల్లో పడేట్టు. వయసు మీద పడేకొద్దీ కంటిపాప చిన్నదవుతుంది, లోపలి కటకం పసుపు తిరుగుతుంది. అందుకే పెద్దవాళ్ళకి మనకన్నా ఎక్కువ వెలుతురు కావాలి, కానీ అది సూటిగా కంట్లో పడితే మనకన్నా ఎక్కువ బాధపడతారు. ఆమె ఆ లైటు ఎప్పుడూ వెయ్యకపోవడానికి పొదుపు ఒక్కటే కారణం కాదన్నమాట. వేస్తే ముల్లు గుచ్చినట్టుండేది, ఆ మాట చెప్పలేదంతే.

ఆ మూడు చోట్లకే ఈసారి నా చేతిపని అంతా పెట్టాను. ఐడియాలు ఎక్కడి నుంచి వచ్చాయో చెబుతాను, ఎందుకంటే అవేవీ ఆ మూడు వందల బొమ్మల్లో లేవు.

వెనక వసారా గోడలో ఒక గూడు ఉంది. పాత ఇళ్ళన్నిట్లో ఉండేదే. మేము దాంట్లో తుప్పుపట్టిన మేకులు, తాళాలు పోయిన తాళంచెవులు, కొవ్వొత్తి ముక్కలు పడేసేవాళ్ళం. అది దేనికి కట్టారో అత్తమ్మే చెప్పింది. కరెంటు రాకముందు సందెవేళ దాంట్లో బుడ్డి దీపం పెట్టేవాళ్ళంట. గాలికి ఆరిపోదు, వెలుతురు కళ్ళల్లో పడదు, మెట్ల మీద పడుతుంది. ఈ ఇల్లు కట్టిన మేస్త్రీ ఎవరో గానీ, మెట్లకి దీపం ఎంత ఎత్తులో ఉండాలో తెలిసిన మనిషి. గూడు శుభ్రం చేసి, సున్నం పూసి, కరెంటు పని చేసే అబ్బాయిని పిలిపించి లోపల అర వాట్ నైట్ బల్బు పెట్టించాను. స్విచ్ అత్తమ్మ మంచం పక్కకి మార్పించాను. మెట్ల అంచుకి రెండు అంగుళాల మేర తెల్ల పెయింటు నేనే వేశాను. సంక్రాంతికి గడపలకీ అరుగులకీ సున్నం కొట్టుకునేవాళ్ళం కదా, అదే.

కరెంటు దండగ అన్న ఆమె మాటకి లెక్క చూపించాను. అర వాట్ బల్బు రాత్రికి పది గంటలు వెలిగితే నెలంతా కలిపి 0.15 యూనిట్. ఒక యూనిట్‌లో ఆరో వంతు కూడా కాదు. ఆమె వేళ్ళ మీద రెండుసార్లు లెక్కేసుకుని గానీ నమ్మలేదు.

వంటింట్లో గట్టు పైన అలమర ఉంది. దాని అడుగున, ముందు అంచుకి, సన్నటి రెండడుగుల ఎల్.ఇ.డి. లైటు పెట్టించాను. అంతే. నీడ వెనక్కి పోయింది. ఆ రాత్రి నా చేతులు నాకే కొత్తగా కనిపించాయి. గోరు కింద పసుపు, పాత కాలిన మచ్చ, అన్నీ.

అత్తమ్మ గదికి మాత్రం ఆమె పూలకి వాడుకునే తాటాకు బుట్టని బోర్లించి, బల్బుకి గొడుగులా వేలాడదీశాను. బల్బు మార్చి 5 వాట్ల పసుపు వెలుతురుది వేశాను. పెట్టె మీద 2700కె లేదా 3000కె అని ఉంటే అది పసుపు వెలుతురు, 6500కె అని ఉంటే ట్యూబ్‌లైటు లాంటి తెలుపు. కొనేటప్పుడు ఆ అంకె చూసుకోండి. బుట్ట అల్లికలో నుంచి గోడల మీద నీడలు పడ్డాయి. ఆమె మంచం మీద పడుకుని ఆ నీడలు చూస్తూ, చిన్నప్పుడు పుట్టింటి ఊళ్ళో చూసిన తోలుబొమ్మలాట చెప్పింది. తెల్ల పంచె కట్టి, వెనక దీపాలు పెట్టి, తెల్లవార్లూ ఆడేవాళ్ళంట. "హనుమంతుడు లంక కాలస్తా ఉంటే నేను మాయమ్మ ఒళ్ళో దాక్కున్యా" అంది.

నాకు అప్పుడు తట్టింది. దీపాన్ని దాచి వెలుతురుని చూపించడం మన తోలుబొమ్మల వాళ్ళకి వెన్నతో పెట్టిన విద్య. తోలుని వెలుతురు దూరేంత పల్చగా సాపు చేసి, రంగులద్ది, సన్నటి చిల్లులు పొడిచి, వెనక నుంచి దీపం చూపిస్తారు. ధర్మవరం దగ్గర నిమ్మలకుంటలో ఇప్పుడు అదే చేతిపనితో దీపాలకి తోలు గొడుగులు చేస్తున్నారు. ఆటలు తగ్గిపోయిన కాలంలో ఆ కుటుంబాలకి అదొక బతుకుతెరువు అయింది. ఆ ఊరి కళాకారుడు దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ కూడా వచ్చింది. విదేశాల బొమ్మలు చూసి ఊలు దారం చుట్టుకుంటున్న నేను, మన రాష్ట్రంలోనే ఉన్న ఆ దీపాలని ఒక్కసారీ తలుచుకోలేదు. మీకు కొనే స్తోమత ఉంటే అవి కొనండి. లేకపోతే కనీసం వాటి కిటుకు నేర్చుకోండి: బల్బు కనపడకూడదు, వెలుతురు కనపడాలి.

చేతిపని చేసుకునేవాళ్ళకి జాగ్రత్తలు కూడా చెప్పాలి. ఆకు, కాగితం, గుడ్డ, ఏ గొడుగైనా ఎల్.ఇ.డి. బల్బుకే వెయ్యండి. పాత ఫిలమెంట్ బల్బు బాగా వేడెక్కుతుంది, అంటుకుంటుంది. ఎల్.ఇ.డి. అయినా గొడుగుకి తగలకుండా రెండు మూడు వేళ్ళ ఎడం ఉంచండి. వైరు అతకడం, స్విచ్ మార్చడం మనం చెయ్యొద్దు, ఆ పని తెలిసినవాళ్ళని పిలవండి. సముద్రం దగ్గరుండేవాళ్ళు ఇనప తీగతో ఏమీ చెయ్యకండి. ఉప్పుగాలికి నా మొదటి లాంతరు రెండు వానల్లో తుప్పుపట్టి గోడ మీద ఎర్రటి చార గీసింది. ఇత్తడి, స్టీలు, మట్టి, తాటాకు, వెదురు మేలు. గవ్వలతో చేసేవాళ్ళు ఒడ్డుకి కొట్టుకొచ్చిన మామూలు ఆల్చిప్పలు ఏరుకోండి. కొన్ని రకాల శంఖాలకి వన్యప్రాణి చట్టం రక్షణ ఉంది, వాటిని ఏరడం, కొనడం రెండూ తప్పే.

ఇంకో మాట. మా బంధువులు సముద్రం ఒడ్డున సర్వితోపు పక్కన ఇల్లు కట్టుకుని, మేడ మీద చుట్టూ సీరియల్ లైట్లు వేసుకుంటాం, ఐడియా చెప్పమన్నారు. సముద్రం వైపు వద్దన్నాను. మన తీరానికి చలికాలం చివర్లో ఆలివ్ రిడ్లే తాబేళ్ళు గుడ్లు పెట్టడానికి వస్తాయి. దాదాపు రెండు నెలలకి పిల్లలు బయటికొస్తాయి. రాత్రి పూట ఎటు వెలుతురుగా ఉంటే అటే సముద్రం అనుకుని పరిగెడతాయి. మన మేడ మీద లైట్లు ఎక్కువ వెలిగితే ఇటే వస్తాయి, ఎండకో కుక్కలకో బలైపోతాయి. ఒడ్డున ఇల్లున్నవాళ్ళు ఆ నెలల్లో సముద్రం వైపు లైట్లు ఆర్పేసుకోవడమే అందం. తప్పదంటే కింద నేల మీద మాత్రమే పడేట్టు, మూతపెట్టిన పసుపు లైటు చాలు.

ఇదంతా విని నా స్నేహితురాలు ఒకామె కోప్పడింది. "అన్నీ ఎవరో ఒకరి కోసమే చెయ్యాలా? ఆడవాళ్ళు ఊరికే అందం కోసం, సరదా కోసం ఒక పని చేసుకోకూడదా? దాంట్లో కూడా అత్తగారి సేవ కలిపావే!" అంది.

ఆమె మాటలో న్యాయం ఉంది. సీసాల దీపాలు నేను తీసెయ్యలేదు, హాల్లోనే ఉన్నాయి. సాయంత్రం వేసుకుంటే ఇప్పటికీ సంతోషంగానే ఉంటుంది. కానీ ఆ వంటింటి లైటు ఎవరి కోసం పెట్టాను? నా కోసం. అన్నేళ్ళు నా నీడలో నేను పనిచేసుకుని, వచ్చిపోయేవాళ్ళు చూసే గోడకి మాత్రం అద్దాలు అతికించాను. అత్తమ్మ తన కోసం లైటు అడగలేదు, నేనూ అడగలేదు. ఇద్దరం ఒకే బళ్ళో చదువుకున్నాం. కాబట్టి ఇది సేవ మాట కాదు. ఇంట్లో వెలుతురు ఎవరి వంతుకి ఎంత వచ్చిందో చూసుకోవడం. ఆ లెక్క సరిచేసుకున్నాక సీసాల్లో దీపాలు పెట్టుకుందాం, ఎన్నైనా.

మొన్న రాత్రి రెండింటికి నాకు మెలకువ వచ్చింది. అత్తమ్మ లేచిన అలికిడి. లేవబోయి ఆగి, కిటికీలోంచి చూశాను. గూట్లో దీపం వెలుగుతోంది. ఆమె తెల్ల అంచు చూసుకుంటూ మెట్లు దిగింది, గోడ పట్టుకోలేదు.

ఈ రాత్రి మీరు కూడా లైట్లు ఆర్పి ఒకసారి మీ ఇల్లు తిరిగి రండి. ఏ మూల చీకటిగా ఉందో, అక్కడ రోజూ తిరిగేది ఎవరో నాకు చెప్పండి.