పీకరెన్ - ఫికరు

డచ్చి భాషలో 'పీకరెన్' అని ఒక క్రియ ఉంది. ఒకే విషయం పట్టుకుని నిద్ర లేకుండా బుర్ర బద్దలుకొట్టుకోవడం అని అర్థం. సోమవారం రిలీజు ఉంటే ఆదివారం రాత్రి నాలాంటి కన్సల్టెంట్లు చేసే పని అదే!

చూడ్డానికి అచ్చమైన డచ్చి మాటలాగే ఉంటుంది గానీ దీని పుట్టిల్లు అరబ్బీ. అక్కడ 'ఫిక్ర్' అంటే ఆలోచన. అది మలయ్ భాషలోకి చేరి 'పికిర్' అయింది. అక్కడా ఆలోచించడమే. ఇప్పటి ఇండోనేషియాని ఏలిన డచ్చివాళ్ళు అక్కణ్ణించి దాన్ని ఇంటికి తెచ్చుకుని, తమ క్రియలకుండే 'ఎన్' తోక తగిలించారు. ఈ ప్రయాణంలో ఆలోచన కాస్తా దిగులైపోయింది.

అదే 'ఫిక్ర్' ఇంకో దారిలో పారశీకం మీదుగా ఉర్దూలోకి, అక్కణ్ణించి మన తెలంగాణ ఇళ్ళలోకి వచ్చింది. "ఫికరు జెయ్యకు బిడ్డా" అంటారు కదా. ఇక్కడా దిగులే! ఎటు తిరిగొచ్చినా ఆలోచన చివరికి తేలేది దిగుల్లోనే కాబోలు.

సరే, అసలు సంగతికొస్తాను. పీకరెన్ పుట్టుక డచ్చి నిఘంటువుల్లోనే రాసి ఉంటుంది. అయినా అది డచ్చి మాటే. దానికి వాళ్ళ వ్యాకరణం ప్రకారం భూతకాలం ఉంది. "ఇక్ పీకర్ ఎర్ నీట్ ఓవర్" అంటే "చచ్చినా చెయ్యను" అని. అరబ్బులకీ మలయ్ వాళ్ళకీ తెలియని జాతీయం అది.

మరి మనం? 'ఫికరు' అన్నవాళ్ళని చూసి "అదేం తెలుగు, సగం ఉర్దూ" అని నవ్వాం. మన సినిమాలు ఏళ్ళ తరబడి ఆ యాసని విలన్లకీ, కమెడియన్లకీ అంటగట్టాయి. నవ్వినవాళ్ళ నోట్లో మాత్రం జవాబు, ఖర్చు, తారీఖు, ఖరీదు హాయిగా తిరుగుతుంటాయి. అవన్నీ అరబ్బీ, పారశీకాల నుంచి వచ్చినవే మరి! వాటికి లేని అంటు ఫికరుకెందుకు?

ఇలా అయితే వచ్చిన ప్రతి మాటకీ తలుపు తియ్యాలా అని మీరడగొచ్చు. ఫికరు వచ్చి 'చింత'నీ, 'దిగులు'నీ వెళ్ళగొట్టలేదు, వాటి పక్కన చాపేసుకుని కూర్చుంది. "ఫికరైతున్నది", "ఫికరు లేదు" అంటూ తెలుగు వాక్యంలో ఒదిగిపోయింది. అంతకంటే ఇంకేం కావాలి?

భయపడ్డ బిడ్డకి తల్లి ధైర్యం చెప్పేటప్పుడు నోటికొచ్చే మాట తెలుగు కాకపోతే, ఇంకేది తెలుగు?