జాకీ లెక్కలు, జేబు లెక్కలు

హిందూపురానికి బెంగళూరు నూరు కిలోమీటర్లకు అటూ ఇటూ. మడకశిర, పెనుకొండ, కదిరి ప్రాంతాల నుంచి తాపీ పనికి, కూలి పనికి, కాపలా ఉద్యోగాలకు ఆ నగరం పోయినవారు వేలల్లో ఉన్నారు. వానలు మొహం చాటేసిన ఏటల్లా ఆ సంఖ్య పెరుగుతుంది. వారిలో కొందరు కూలి డబ్బుతోపాటు అక్కడి గుర్రప్పందేల అలవాటును కూడా ఊరికి మోసుకొస్తున్నారు. పందెం పిచ్చి ఈ నేలకు కొత్త కాదు. కొత్తగా వచ్చిందల్లా ఒక సమర్థన. గుడ్డిగా కాసేవాడు ఓడిపోతాడట. ఏ జాకీ ఎన్ని గుర్రాలెక్కాడు, ఎన్ని గెలిచాడు అన్న పట్టిక దగ్గర పెట్టుకుని కాసేవాడు మాత్రం ఓడడట.

ఈ మాటను పూర్తిగా కొట్టిపారేయడం న్యాయం కాదు. తాడిపత్రి, గుంతకల్లు వైపు మట్కా చార్టులు ముందేసుకుని నిన్నటి అంకె నుంచి రేపటి అంకె పుట్టించాలని తల బద్దలు కొట్టుకునేవారు లేకపోలేదు. వారిది శుద్ధ భ్రమ. చీటీలో వచ్చే అంకెకు నిన్న ఏమి వచ్చిందో తెలియదు. దానికి జ్ఞాపకమూ లేదు, నేర్పూ లేదు. జాకీ అలా కాదు. అతడు మనిషి. గుర్రాన్ని ఎప్పుడు పట్టి ఉంచాలో, ఎప్పుడు వదలాలో, లోపలి కంచె పక్కన సందు దొరికితే దూరాలో, బయటి నుంచి చుట్టి రావాలో క్షణంలో తేల్చుకోవాలి. ఒళ్లు పెరగకుండా కడుపు మాడ్చుకోవాలి. పందేనికి ముందూ తరువాతా జీనుతో సహా తూకం వేస్తారు. తేడా వస్తే గెలుపు చెల్లకపోవచ్చు. ఈ విద్యలో మంచివాళ్లూ, మధ్యరకం వాళ్లూ ఉంటారు. కనుక వారి గెలుపోటముల పట్టికలో కొంత సమాచారం తప్పకుండా ఉంటుంది.

తెలుగువారికి ఈ విద్య పరాయిదేమీ కాదు. హైదరాబాదులో నిజాము మహబూబ్ అలీఖాన్ కాలంలో, 1886లో, పందేలు మలక్‌పేటకు వచ్చాయి. ఆ మైదానం నేటికీ ఉంది. నర్రెడు అనే ఇంటిపేరుతో మలేశ్, సతీశ్, ఆ తరువాతి తరంలో సూరజ్ దేశమంతా పేరు తెచ్చుకున్నారు. సూరజ్ నర్రెడు పేరు పందెం పుస్తకంలో కనబడితే చాలు, గుర్రం పేరు కూడా చూడకుండా చీటీ కొనేవారున్నారు.

చిక్కు సరిగ్గా అక్కడే వస్తుంది. దీన్ని అర్థం చేసుకోవడానికి బెంగళూరు దాకా పోనక్కరలేదు. తిరునాళ్లలో జరిగే బండలాగుడు పోటీలు చాలు. పేరున్న తోలకందారు ఒకడుంటాడు. అతడు కాడి పట్టిన ఎడ్లు పదిసార్లలో ఆరుసార్లు మొదటి బహుమతి తెస్తాయి. అది అతడి నేర్పేనా? కొంతవరకు. కానీ అంత పేరున్నవాడి దగ్గరకు బక్కచిక్కిన ఎడ్లను ఎవరు తీసుకువస్తారు? పందెం కోసమే ఉలవలు పెట్టి మేపిన జతలన్నీ అతడి చేతికే వస్తాయి. ఆ గెలుపుల్లో ఎద్దు వాటా ఎంత, తోలేవాడి వాటా ఎంత అనేది పట్టిక చెప్పదు. పందెం గట్టున కూర్చున్న ఏ రైతుకైనా ఈ సంగతి తెలుసు. గుర్రాల దగ్గరకు వచ్చేసరికే మరచిపోతున్నాడు. పెద్ద జాకీకి పెద్ద శిక్షకుల గుర్రాలు దొరుకుతాయి. అతడి గెలుపుల శాతంలో సగానికి సగం ఆ గుర్రాల బలమే కావచ్చు. ఈవేళ అదే జాకీ ఓ నాసిరకం గుర్రం ఎక్కితే ఆ శాతం దానికి వర్తించదు.

పైగా పందెం నిర్వాహకులు చేతులు ముడుచుకు కూర్చోరు. ఎక్కువ పందేల్లో హాండికాప్ పద్ధతి ఉంటుంది. బాగా పరుగెత్తిన గుర్రం మీద ఎక్కువ బరువు, వెనకబడిన దాని మీద తక్కువ బరువు వేస్తారు. కొత్తగా నేర్చుకుంటున్న కుర్ర జాకీలకు బరువులో కొంత మినహాయింపు ఇస్తారు. అన్ని గుర్రాలూ ఒక్కసారే గీత దాటాలన్నది ఆ ఏర్పాటు వెనక ఉన్న కోరిక. అంటే, ఎవరు గెలుస్తారో చెప్పడం వీలైనంత కష్టం చేయడమే ఒక ఉద్యోగంగా జీతం పుచ్చుకుంటున్నవారు ఉన్నారన్నమాట. పట్టిక చదివేవాడి పోటీ వారితో కూడా.

ఇక చిన్న లెక్కల మోసం. ఒక కుర్ర జాకీ ఈ సీజనులో 8 గుర్రాలెక్కి 2 గెలిచాడనుకుందాం. నూటికి 25 అని పట్టికలో పడుతుంది. ఊళ్లో వాళ్లు ఎగిరి గంతేస్తారు. కానీ నిజంగా నూటికి 10 మాత్రమే గెలవగల సామాన్యుడైనా, 8 పందేల్లో 2గానీ అంతకంటే ఎక్కువగానీ గెలిచే అవకాశం ఐదింట ఒక వంతుకు కాస్త తక్కువ. అలాంటి సామాన్యులు ఐదుగురుంటే వారిలో కనీసం ఒకడు మూడింట దాదాపు రెండుసార్లు గొప్పవాడిలా కనిపిస్తాడు. పట్టిక చూసేవాడి కన్ను సరిగ్గా అతడి మీదే పడుతుంది. మూడు నాలుగు వందల పందేలు ఎక్కినవాడి శాతానికి విలువుంది. ఎనిమిది పందేలది కాదు. అదను దాటాక రెండు వానలు పడగానే ఈ ఏడు కరువు తీరిందనుకుని శెనక్కాయ విత్తనం చల్లి నష్టపోయినవారికి ఈ సంగతి విడమరచి చెప్పనవసరం లేదు.

సరే, ఓపికగా అన్నీ చూసుకున్నాడనుకుందాం. ఎక్కిన నాలుగు గుర్రాల్లో ఒకదాన్ని గెలిపించే జాకీని గొప్పవాడంటారు. మూడింటిలో ఒకటి గెలిపించేవాడు అరుదు. అయితే ఆ గొప్పతనం తెలిసింది ఒక్కడికేనా? అదే పందెం పుస్తకం అందరి చేతుల్లోనూ ఉంది. టోట్‌లో పడిన డబ్బంతా పోగుచేసి, పన్నూ కమిషనూ పట్టుకుని, మిగిలింది గెలిచినవారికి పంచుతారు. అందరూ ఒకే జాకీ మీద కాస్తే అతడు గెలిచినా తలా కాస్తే దక్కుతుంది. బుకీ కూడా అమాయకుడు కాడు. ఆ పేరు చూడగానే ధర తగ్గిస్తాడు. ఒక జాకీ 100 పందేల్లో 25 గెలిచాడు, గెలిచినప్పుడల్లా రూపాయికి సగటున మూడు రూపాయల ఇరవై పైసలు వచ్చాయి అనుకోండి. నూరు రూపాయలు పెట్టినవాడికి తిరిగి వచ్చింది 80. పేరులేని మరొకడు 8 మాత్రమే గెలిచాడు, కానీ రూపాయికి 11 వచ్చాయి అనుకోండి. తిరిగి వచ్చింది 88. ఇద్దరి మీదా నష్టమే. పేరున్నవాడి మీదే నష్టం ఎక్కువ. పందెం పుస్తకాల్లో గెలుపుల శాతం కనిపిస్తుంది, ఈ రెండో లెక్క సాధారణంగా కనిపించదు. కావలసింది రెండోదే.

ఇంతవరకు పన్ను మాట ఎత్తలేదు. గుర్రప్పందేల మీద 28 శాతంగా ఉన్న జీఎస్టీ 2025 సెప్టెంబరు 22 నుంచి 40 శాతం అయింది. అది గెలిచిన డబ్బు మీద కాదు, కాసిన మొత్తం మీద. 100 రూపాయల పందెం అంటే 140 రూపాయల ఖర్చు. ఇప్పుడు చూడండి. మూడుకు ఒకటి ధర ఉన్న గుర్రం గెలిస్తే చేతికి 400 వస్తాయి. పన్ను లేకపోతే ఇలాంటి గుర్రాలను నూటికి 25 సరిగ్గా పట్టుకుంటే అసలు దక్కేది. పన్నుతో 35 పట్టుకోవాలి. సమాన ధర ఉన్న గుర్రమైతే, అంటే 100కు 200 వచ్చేదైతే, నూటికి 70 పట్టుకోవాలి. ప్రపంచంలో ఎక్కడ చూసినా, జనం ఎక్కువగా నమ్మిన గుర్రం మూడు పందేల్లో సుమారు ఒకటి గెలుస్తుంది. ఏ జాకీ పట్టికా ఈ అగాధాన్ని పూడ్చలేదు. ఇక పెద్ద మొత్తం గెలిచినవాడి దగ్గర 30 శాతం ఆదాయపు పన్ను వేరే ఉంది. ముందు ఓడిపోయినదాన్ని అందులో నుంచి తీసివేయమంటే కుదరదు.

ఇదే విషయం కూలి లెక్కలో చెప్పుకుంటే ఇంకా తేలిక. 2025-26లో రాష్ట్రంలో ఉపాధి హామీ కూలి రోజుకు 307 రూపాయలు. ఒక రోజు 8 పందేలకు నూరేసి రూపాయలు కాస్తే పన్నుతో 1,120. ఎండలో మూడున్నర రోజులకు పైగా తట్ట మోసిన డబ్బు ఒక మధ్యాహ్నానికి సరి. రైలు చార్జీ, టీ, సిగరెట్టు దీనిలో చేరలేదు.

లెక్కలతో గుర్రప్పందేలను గెలిచినవారే లేరా అంటే, ఉన్నారు. అమెరికాకు చెందిన బిల్ బెంటర్, ఆస్ట్రేలియాకు చెందిన అలన్ వుడ్స్‌తో కలిసి 1980లలో హాంకాంగు చేరి కంప్యూటరు సాయంతో కోట్లు గడించాడు. మన కుర్రాళ్లు ఈ కథను సగమే చెప్పుకుంటారు. మిగతా సగం ఇది. మొదట్లో వారు తెచ్చుకున్న డబ్బు చాలావరకు పోగొట్టుకున్నారు. ఒక్కొక్క గుర్రానికి నూటికి పైగా అంశాలు లెక్కగట్టారు. జాకీ అందులో ఒకటి మాత్రమే. ఆ పట్టికలు నింపడానికి మనుషులను జీతాలిచ్చి పెట్టుకున్నారు. అన్నీ చేసినా, జనం కట్టిన ధరను కూడా తమ లెక్కలో కలుపుకున్న తరువాతే పద్ధతి కుదిరింది. బెంటర్ 1994లో ప్రచురించిన వ్యాసంలో ఈ సంగతి స్వయంగా రాశాడు. అక్కడ పందెం డబ్బులో కోత సుమారు ఐదో వంతు. ఇక్కడ పన్నే నూటికి నలభై. బెంటరే నేడు బెంగళూరు వచ్చి కూర్చున్నా సంచి సర్దుకుని వెళ్లిపోతాడేమో.

1996లో డాక్టర్ కె.ఆర్. లక్ష్మణన్ కేసులో సుప్రీంకోర్టు గుర్రప్పందెం నైపుణ్యంతో కూడుకున్నదని, కేవలం అదృష్టం మీద నడిచే జూదం కాదని తీర్పు చెప్పింది. పందేలరాయుళ్లకు ఈ తీర్పు కంఠతా వస్తుంది. తీర్పు సబబైనదే. గుర్రం పుట్టుక, శిక్షణ, జాకీ నేర్పు అన్నీ ఫలితాన్ని నిర్ణయిస్తాయి. అయితే నైపుణ్యం ఉన్న ఆట అంటే లాభం వచ్చే ఆట అని కోర్టు అనలేదు. నేసే చేతికి నైపుణ్యం ఉంది కదా అని ధర్మవరం మగ్గం మీద ఎవరు కూర్చున్నా కూలి గిట్టుబాటవుతుందా? ఇంకొక సంగతి కూడా గుర్తుంచుకోవాలి. గుర్రం ఊపిరి ఎలా ఉందో, కాలు ఎలా పడుతోందో అందరికంటే ఎక్కువ తెలిసిన జాకీ పందెం కాయకూడదని రేసు క్లబ్బుల నిబంధన. తెలిసినవాడికి అనుమతి లేదు, తెలియనివాడికి స్వాగతం.

ఆ తీర్పు ఊళ్లోని బుకీకి గొడుగు పట్టదు కూడా. విభజన తరువాత ఆంధ్రప్రదేశ్‌లో రేస్‌కోర్సు లేదు. సెల్‌ఫోనులో పేర్లు రాసుకుని, గెలిస్తే ఇస్తాను, ఓడితే తే అనే మనిషి చేసేది 1974 నాటి గేమింగు చట్టం కింద నేరమే. 2020లో రాష్ట్రం ఆ చట్టాన్ని ఆన్‌లైన్ జూదానికి కూడా వర్తింపజేసింది. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధిస్తూ 2025 ఆగస్టులో పార్లమెంటు మరో చట్టం చేసింది. చట్టాలకు కొదువ లేదు. బుకీ దగ్గర పన్ను లేదు కదా, అదే లాభం అనేవారు ఒక్కటి ఆలోచించాలి. పెద్ద మొత్తం గెలిచిన రోజున అతడు ఫోను ఎత్తకపోతే ఏ స్టేషనుకు పోయి ఏమని ఫిర్యాదు రాస్తారు?

ఈ నష్టం ఒక్కడిది కాదు. పంట రుణం తిరగరాయించుకునే ఇళ్లలో, భార్య పేరున పొదుపు సంఘంలో తీసిన అప్పు పందేనికి పోతే కంతు కట్టవలసింది సంఘంలోని తక్కిన ఆడవాళ్లు. ఏటా సగటున 550 మిల్లీమీటర్ల వాన, అదీ ఎప్పుడు పడుతుందో తెలియని వాన, నమ్ముకుని విత్తనం వేయడమే ఇక్కడి రైతుకు తప్పనిసరి పందెం. దానికి తోడు మరొకటి మోయగల ఇళ్లు ఎన్ని ఉన్నాయి?

లెక్క మీద అంత నమ్మకం ఉన్నవారికి డబ్బు పోకుండా పరీక్షించుకునే దారి ఉంది. ఒక నోటుపుస్తకం కొనాలి. పందేనికి ముందే, తరువాత కాదు, ఏ జాకీ, ఏ గుర్రం, ఏ ధర అని రాయాలి. కాసినట్టు 140 ఖర్చు వేయాలి. గెలిస్తే వచ్చేది జమ వేయాలి. వరుసగా నూరు పందేలు, నచ్చనివి కొట్టివేయకుండా రాయాలి. ఖర్చు 14,000 అవుతుంది. జమ అంతకు మించిందా లేదా అన్నది పుస్తకమే చెబుతుంది. ఉన్నత పాఠశాలల లెక్కల మాస్టార్లు శాతాల పాఠం చెప్పేటప్పుడు బండలాగుడు పోటీల ఫలితాలతో ఇలాంటి లెక్కే చేయించవచ్చు. పిల్లలు ఉత్సాహంగా చేస్తారు, ఇంటికి పోయి తండ్రికీ చెబుతారు.

పోలీసులు చేయవలసింది కూడా ఉంది. మట్కా మీద దాడులు జరిగినప్పుడు చీటీలు రాసే కుర్రాళ్లే దొరుకుతారు, డబ్బు తినేవారు దొరకరు అనే ఫిర్యాదు జిల్లాలో పాతది. గుర్రప్పందేల బుకీల విషయంలో అదే తంతు నడవకూడదు. ఫోను నంబర్ల వెంట, బ్యాంకు ఖాతాల వెంట పోతే పైవాడిని పట్టుకోవడం చీటీల కాలంలో కంటే నేడు సులువు. అనంతపురం, శ్రీ సత్యసాయి జిల్లాలు 2022లో వేరయ్యాయి గానీ బుకీలకు ఆ హద్దు లేదు. రెండు జిల్లాల అధికారులు, సరిహద్దున ఉన్న కర్ణాటక పోలీసులు కలిసి కూర్చుని, బెంగళూరులో వేసవి పందేలు మొదలయ్యే మే నెలకు ముందే ఒక ఏర్పాటు చేసుకోవాలి.