పట్టాలెక్కినా తగ్గని బరువు

స్విట్జర్లాండ్‌కు చెందిన జయంట్స్ సాఫ్ట్‌వేర్ సంస్థ 2008 నుంచి వెలువరిస్తున్న ‘ఫార్మింగ్ సిమ్యులేటర్’ ఆటలో, టైర్ల ట్రాక్టరు చాలదనిపించిన ఆటగాడు మీట నొక్కి, ఉత్తుత్తి సొమ్ము చెల్లించి, అనేక యంత్రాలకు రబ్బరు పట్టాలు తొడిగించుకోవచ్చు. 2024 నవంబరు కూర్పులో వరి సాగూ, చక్రాల కింద నేల కుంగి గాడులు పడటమూ చేరాయి గానీ, పట్టా అంటే డబ్బుంటే అమరే హంగు అన్న అభిప్రాయం మాత్రం చెక్కుచెదరలేదు. ఆటను క్షమించవచ్చు, అసలు యంత్రాలు అమ్మేవారు కూడా అదే పాట పాడటం క్షమించరానిది.

పట్టా హంగు కోసం పుట్టలేదు. కాలిఫోర్నియాలోని స్టాక్టన్ చుట్టుపక్కల డెల్టా నేలల్లో ఆవిరి ట్రాక్టర్లు దిగబడిపోతుంటే, బెంజమిన్ హోల్ట్ 1904లో చక్రాలు తీయించి, చెక్కపలకలు బిగించిన గొలుసులు అమర్చి చూశాడు. ఆ తరువాత ఇనుప పట్టాలూ, 1980ల చివర క్యాటర్‌పిల్లర్ చాలెంజర్‌తో రబ్బరు పట్టాలూ పొలాల్లోకి వచ్చాయి. బరువును ఎక్కువ జాగా మీద పరిస్తే నేలపై ఒత్తిడి, అంటే చదరపు మీటరుకు పడే భారం, తగ్గుతుందన్నదే వీటన్నిటి సూత్రం.

అయితే ఈ లెక్క పైమట్టికే సరిపోతుంది. పది టన్నుల యంత్రం నాలుగు చదరపు మీటర్ల మీద నిలిచినా, ఇరవై టన్నుల యంత్రం ఎనిమిది చదరపు మీటర్ల మీద నిలిచినా పైన ఒత్తిడి ఒక్కటే. లోపలికి పోయేకొద్దీ మాత్రం మొత్తం బరువే ప్రధానమవుతుంది కనుక, రెండోది అడుగుమట్టిని మరింత లోతు వరకు నొక్కుతుంది. నాగలి అందుకోలేని ఆ లోతున మట్టి రంధ్రాలు మూసుకుపోతే వేరూ దిగదు, నీరూ ఇంకదు. జాన్ డియర్ 2024లో 830 అశ్వశక్తి పట్టాల ట్రాక్టరును ప్రకటించిందంటే, పట్టా మిగిల్చిన వెసులుబాటు మట్టికి దక్కకుండా యంత్రపు బరువుకే దక్కుతోందని అర్థం.

గోదావరి, కృష్ణా డెల్టాల్లో రబ్బరు పట్టాల వరికోత యంత్రాన్ని, గొలుసు పైకి కనబడకపోయినా, చైన్ మిషన్ అనే పిలుస్తారు. తుపానుకు పడిపోయిన చేలో టైరు మిషన్ దిగబడుతుంది కనుక చైన్ మిషనే దిక్కవుతుంది, గంట అద్దె కూడా ఎక్కువే అవుతుంది. కోతకు ముందే తడి చేలో చల్లే మినుముకు మాత్రం ఆ పట్టా కూడా శత్రువే. మొలక మీదుగా యంత్రం పోతే ఒత్తిడి లెక్కలు దానిని బతికించవు.

ఇక ప్రభుత్వాల చూపు ఎటు ఉన్నదో దమ్ము చక్రాలను చూస్తే తెలుస్తుంది. బురదలో పట్టు కోసం ట్రాక్టరుకు బిగించే ఈ ఇనుప పంజరపు చక్రాలతో తారు రోడ్డెక్కితే కేసు పెడతామని ఏటా నాట్ల కాలంలో పోలీసులు హెచ్చరిస్తారు. రోడ్డు పాడవుతుందన్న మాట నిజమే. కానీ పొలం గట్టు దాకా సరైన డొంక లేని రైతు ఆ చక్రాలను ఎక్కడ విప్పి ఎక్కడ బిగించుకోవాలో చెప్పేవారు లేరు. తారు మీది గీతలను లెక్కపెట్టే అధికారులకు కొదవ లేదు. పార పట్టుకుని, అదే యంత్రం నడిచిన చేలో మూరెడు లోతు తవ్వి చూసే అధికారే కరవు.