శిశువు చెలికాడు: భూతమా, భావనయా?

నాలుగేళ్ల శిశువు ఏకాంతంలో అదృశ్యుడైన ఒక చెలికానితో ఆడుకుంటూ, వానికీ ఒక ముద్ద పెట్టమని తల్లిని కోరితే గృహమంతా భయగ్రస్తమవుతుంది. రక్షరేకుల కోసం, భూతవైద్యుల కోసం అన్వేషణ మొదలవుతుంది. ఈ భయానికి శాస్త్రాధారం ఉన్నదా?

సుశ్రుతసంహిత ఉత్తరతంత్రం స్కందుడు మొదలుకొని నైగమేషుని వరకు తొమ్మిది బాలగ్రహాలను పేర్కొన్నది. అయితే వాటికి చెప్పిన లక్షణాలు జ్వరం, స్తన్యద్వేషం, రోదనం వంటి రోగచిహ్నాలు. చక్కగా భుజించి, నవ్వుతూ ఆడే శిశువునకు అవి వర్తించవు.

బృహదారణ్యకోపనిషత్తు తృతీయాధ్యాయంలో పతంచలుని కుమార్తెను గంధర్వుడు ఆవేశించాడు. అక్కడికి వెళ్లిన భుజ్యువు, అతని సహచరులు ఆమెను తాడించలేదు, వచ్చినవాడెవరని ప్రశ్నించారు. తాను ఆంగిరసుడైన సుధన్వుడనని అతడు బదులిచ్చాడు. జిజ్ఞాసయే వారి మార్గం.

స్వప్నంలో లేని రథాలను, మార్గాలను జీవుడే సృజించుకుంటాడని అదే ఉపనిషత్తు చతుర్థాధ్యాయం బోధిస్తుంది. అట్టి సృజనశక్తి గల జీవుడు బాల్యంలో, జాగ్రదవస్థలోనే ఒక సఖుని కల్పించుకోవడం వింత కాదు. అమెరికాలో మార్జొరీ టేలర్ బృందం 2004లో ప్రకటించిన పరిశీలనలో, ఏడేళ్ల వయస్సు వచ్చేసరికి సుమారు 65 శాతం పిల్లలకు ఎప్పుడో ఒకప్పుడు ఇట్టి కల్పితమిత్రులు ఉన్నట్లు తేలింది.

కనుక శిశువును హేళన చేయరాదు, దండించరాదు. చెలికాడు ఏమంటున్నాడని ప్రేమతో అడిగితే, శిశువు తన మనస్సులోని మాటనే చెబుతాడు. భీతి, నిద్రాభంగం, కృశత్వం కనిపిస్తే వైద్యుని ఆశ్రయించాలి. సంధ్యాదీపం వెలిగించి, శిశువును ఒడిలో కూర్చుండబెట్టుకొని నామస్మరణ చేయడం శ్రేయస్కరమే. కాని అది శాంతిని ప్రసాదించాలి, భూతభయాన్ని నేర్పరాదు.