ఫార్మాట్ కొట్టించే ముందు ఒక్క ఆదివారం



గత నెల పేరెంట్స్ మీటింగ్ రోజు జనగామ బ్రాంచిలో ఒక నాన్నగారు నా దగ్గర ఆగారు. ఆయనకు ఎరువుల దుకాణం ఉంది. "సార్, ఇంట్ల కంప్యూటర్ బాగ స్లో అయింది. షాపుల ఇస్తే ఫార్మాట్ కొట్టిండ్రు. నెల రోజులు మంచిగనే నడిచింది. మళ్ల అదే కథ. ఇంకోసారి కొట్టియ్యాల్నా, కొత్తది కొనాల్నా?" అని అడిగారు.

"ఫార్మాట్‌కు ముందు అందులో ఉన్నవన్నీ ఎక్కడైనా దాచుకున్నారా?" అన్నాను. ఆయన కాసేపు మాట్లాడలేదు. పాప ఎనిమిదో తరగతిలో చేసిన సైన్స్ ప్రాజెక్టు, రెండేళ్ల కిందట కాలం చేసిన వాళ్ల నాన్నగారి ఫొటోలు, అన్నీ పోయాయట. తర్వాత ఆ కంప్యూటర్ తెప్పించి చూశాం. తప్పు విండోస్‌ది కానే కాదు. హార్డ్ డిస్క్ పాడైపోతోంది. అంటే పోకూడనివి పోయాయి, పోవాల్సిన స్లో మాత్రం పోలేదు.

కంప్యూటర్ టీచర్‌గా నా అభిప్రాయం ఒకటే. కారణం తెలియకుండా ఫార్మాట్ కొట్టించడం వైద్యం కాదు. ఇంట్లో ఎలుకలున్నాయని ఇల్లు తగలబెట్టుకోవడం.

మనకు ఇదొక అలవాటుగా మారింది. ఏ జ్వరమొచ్చినా "ఒక సెలైన్ ఎక్కియ్యండి" అని మనమే అడుగుతాం. కంప్యూటర్ షాపు కౌంటర్ దగ్గరా అంతే. "రోగమేంది?" అని అతను అడిగేలోపే "ఫార్మాట్ చేసియ్యి అన్నా" అంటాం. మెకానిక్‌ను తప్పుపట్టి లాభం లేదు. అడిగిన పని చేసి, అడిగిన డబ్బులు తీసుకుంటాడు. కారణం వెతకమని మనం అడగం, వెతికినందుకు డబ్బులూ ఇవ్వం.

ఈ మాట ఇప్పుడే ఎందుకంటే, 2020 సెప్టెంబర్ 1న మన రాష్ట్రంలో డిజిటల్ తరగతులు మొదలైనప్పుడు చాలా ఇళ్లలోకి కంప్యూటర్లు వచ్చాయి. కొన్ని కొత్తవి, చాలావరకు సెకండ్ హ్యాండ్‌వి. అవన్నీ ఇప్పుడు ముసలివయ్యాయి. వాటిలో చాలా వాటికి పనికొచ్చే ఆయుష్షు ఇంకా మిగిలే ఉంది. ఒక్క ఆదివారం, పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకుని, ఒక నోట్‌బుక్ తీసుకుని ఈ కింది పనులు చేసి చూడండి.

మొదట దాచుకోండి. ఫొటోలు, ప్రాజెక్టులు, దుకాణం లెక్కలు ఒక ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్‌లోకో పెన్ డ్రైవ్‌లోకో కాపీ చేయండి. డెస్క్‌టాప్, డౌన్‌లోడ్స్ ఫోల్డర్లు మర్చిపోవద్దు. చాలామంది ఫైళ్లన్నీ అక్కడే ఉంటాయి. "డి డ్రైవ్‌లో పెట్టినం, ఏం కాదు" అని చాలామంది ధీమాగా ఉంటారు. సి, డి అనేవి ఎక్కువ కంప్యూటర్లలో ఒకే డిస్క్‌కు గీసిన రెండు గీతలు మాత్రమే. డిస్క్ పోతే రెండూ పోతాయి. కాపీ అయ్యాక ఒకటి రెండు ఫైళ్లు తెరిచి, సరిగ్గా వచ్చాయో లేదో చూడండి.

తర్వాత ప్రశ్నలు వేయండి. ఎప్పటి నుంచి స్లో అయింది? అంతకు ముందు ఏదైనా కొత్తగా ఇన్‌స్టాల్ చేశామా? ఆన్ అవ్వడానికే ఆలస్యమా, లేక ఇంటర్నెట్ దగ్గరేనా? అదే వైఫైతో ఫోన్ కూడా నెమ్మదిగా ఉంటే తప్పు కంప్యూటర్‌ది కాదు, నెట్‌ది. ఒకసారి రీస్టార్ట్ చేసి కూడా చూడండి. విండోస్ 10, 11లలో ఫాస్ట్ స్టార్టప్ అనే ఏర్పాటు ఉంటుంది కాబట్టి, షట్‌డౌన్ చేసినా లోపలి వ్యవస్థ పూర్తిగా కొత్తగా మొదలవదు. రీస్టార్ట్ చేస్తేనే మొదలవుతుంది. రోజూ ఆఫ్ చేస్తున్నామనుకునే వాళ్లకు ఇది తెలియదు.

మూడోది టాస్క్ మేనేజర్. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మీటలు కలిపి నొక్కితే తెరుచుకుంటుంది. కంప్యూటర్ ఆన్ చేసిన పది నిమిషాల తర్వాత, ఏ పనీ చేయకుండా చూడండి. డిస్క్ దగ్గర అదేపనిగా 100 శాతం చూపిస్తుంటే అనుమానం హార్డ్ డిస్క్ మీదికి వెళ్లాలి. ఒక్క బ్రౌజర్ తెరవగానే మెమరీ నిండిపోతుంటే ర్యామ్ చాలడం లేదు. సీపీయూ ఎక్కువగా ఉంటే, ఏ ప్రోగ్రామ్ దాన్ని తింటోందో పేరుతో సహా అక్కడే కనిపిస్తుంది. పిల్లలకు ఒక్కసారి చూపిస్తే చాలు, రెండోసారి వాళ్లే మనకు చెప్తారు.

అక్కడే స్టార్టప్ అనే పేజీ ఉంటుంది. ఆన్ చేయగానే మనం పిలవకుండానే లేచి కూర్చునే ప్రోగ్రాముల జాబితా అది. ఎప్పుడో ఒకసారి వాడిన వీడియో కాల్ యాప్, గేమ్ లాంచర్ లాంటి వాటిని ఆపేయండి. తెలియనిదాన్ని ముట్టుకోవద్దు. రెండు యాంటీవైరస్‌లుంటే ఒకటి తీసేయండి, అవి ఒకదాన్నొకటి అడ్డుకుంటాయి. విండోస్‌లోనే ఒక యాంటీవైరస్ ఉంటుంది. సి డ్రైవ్‌లో కనీసం ఆరో వంతైనా ఖాళీ ఉండేలా చూడండి. ఫార్మాట్ తర్వాత నెల రోజులు వేగంగా నడవడానికి చాలాసార్లు కారణం ఈ చెత్త పోవడమే. అది పోవడానికి ఇల్లంతా ఖాళీ చేయనక్కర్లేదు.

ఇక యంత్రం సంగతి. భూపాలపల్లిలో బొగ్గు లారీలు తిరిగే రోడ్ల పక్కనున్న ఇళ్లలో కంప్యూటర్ డబ్బా తెరిస్తే ఫ్యాన్ రెక్కల మీద దుమ్ము మందంగా పేరుకుని ఉంటుంది. గాలి ఆడకపోతే ప్రాసెసర్ వేడెక్కుతుంది. వేడెక్కితే తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది. మనకది స్లోగా కనిపిస్తుంది. కరెంటు ప్లగ్గు తీసి, ఫ్యాన్ తిరగకుండా వేలితో పట్టుకుని, బ్లోయర్‌తోనో మెత్తటి బ్రష్‌తోనో శుభ్రం చేయండి. పవర్ సప్లై డబ్బాను మాత్రం విప్పొద్దు. ల్యాప్‌టాప్ అయితే మెకానిక్‌కే ఇవ్వండి, కానీ "ఫార్మాట్ వద్దు, దుమ్ము తీయండి" అని స్పష్టంగా చెప్పండి.

మానుకోటలో ఒక అమ్మగారు చెప్పిన కేసు ఇంకా విచిత్రం. ఏ వెబ్‌సైట్ తెరిచినా భద్రత లేదని ఎర్ర హెచ్చరిక వస్తోంది. వైరస్ అనుకుని ఫార్మాట్‌కు సిద్ధమయ్యారు. చూస్తే కంప్యూటర్‌లో తేదీ ఎన్నో ఏళ్లు వెనక్కి పోయి ఉంది. కరెంటు లేనప్పుడు తేదీని గుర్తుంచుకోవడానికి మదర్‌బోర్డు మీద రూపాయి బిళ్లంత బ్యాటరీ ఒకటి ఉంటుంది. అది అయిపోయింది. తేదీ తప్పయితే వెబ్‌సైట్ల భద్రతా పత్రాలు చెల్లనట్టు కనిపిస్తాయి. వంద రూపాయలు కూడా కాని బ్యాటరీతో సమస్య తీరిపోయింది. ఫార్మాట్ కొట్టించి ఉంటే ఫైళ్లు పోయేవి, తేదీ మళ్లీ తప్పే చూపించేది.

హార్డ్ డిస్క్ దగ్గరికి వద్దాం, పాత కంప్యూటర్లలో పెద్ద దోషి అదే. దాని లోపల పళ్లేలు నిమిషానికి 5400 సార్లో, 7200 సార్లో తిరుగుతుంటాయి. ఏళ్ల తరబడి తిరిగింది అరగకుండా ఎలా ఉంటుంది? టక్ టక్‌మని శబ్దం వస్తున్నా, ఫైళ్లు తెరుచుకోకపోయినా వెంటనే కాపీ చేసుకుని మెకానిక్‌ను డిస్క్ ఆరోగ్యం పరీక్షించమనండి. అలాంటి డిస్క్ మీద మళ్లీ విండోస్ ఎక్కించడం, పగిలిన కుండకు రంగు వేయడం లాంటిది. దాని స్థానంలో ఎస్ఎస్‌డీ పెట్టండి. అందులో తిరిగే భాగాలే ఉండవు. పాత కంప్యూటర్‌కు పెట్టే ఖర్చుల్లో తేడా కళ్లకు కనిపించేది ఇదే. నాలుగు జీబీ ర్యామ్ ఉంటే ఎనిమిది చేయండి. ఆ తర్వాత కూడా చాలకపోతే అప్పుడు కొత్తదాని గురించి ఆలోచించవచ్చు.

ఫార్మాట్ ఎప్పుడూ తప్పేనా? కాదు. కొత్త ఎస్ఎస్‌డీ వేసినప్పుడు, వైరస్ లోతుగా పాకినప్పుడు, కంప్యూటర్ ఇంకొకరికి ఇచ్చేటప్పుడు అది సరైన పనే. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ముగిసింది. విండోస్ 11కు టీపీఎం 2.0 లాంటి షరతులుండటంతో చాలా పాత కంప్యూటర్లకు అధికారికంగా అది ఎక్కదు. అలాంటి వాటిలో లినక్స్ మింట్ లాంటి ఉచిత వ్యవస్థ వేస్తే చదువుకు, బ్రౌజింగ్‌కు, టైపింగ్‌కు సరిపోతుంది. ఇవన్నీ కారణం తెలిసి చేసే ఫార్మాట్లు.

అప్పుడు కూడా ఒక జాగ్రత్త. "ఏ విండోస్ వేస్తున్నారు, ఒరిజినలేనా?" అని అడగండి. మీ ల్యాప్‌టాప్ విండోస్‌తోనే వచ్చి ఉంటే, ఇటీవలి మోడళ్లలో దాని లైసెన్స్ తాళం మదర్‌బోర్డులోనే ఉంటుంది. మైక్రోసాఫ్ట్ సైట్ నుంచి తీసుకున్న అదే ఎడిషన్ ఎక్కిస్తే చాలు, నెట్ రాగానే దానంతటదే చెల్లుబాటవుతుంది. దొంగ కాపీ ఎక్కించేటప్పుడు కొన్నిసార్లు యాంటీవైరస్‌నే ఆపేస్తారు. మీ బ్యాంకు పాస్‌వర్డ్ కొట్టే యంత్రంలో ఎవరు ఏం పెట్టారో తెలియని పరిస్థితి అది.

"ఇంత టైం మాకెక్కడిది సార్?" అని అడుగుతారని తెలుసు. నిజమే, ఫార్మాట్ అయితే సాయంత్రానికి చేతికొస్తుంది. కానీ ఆ తర్వాత ప్రింటర్, లెక్కల సాఫ్ట్‌వేర్, పాస్‌వర్డ్‌లు మళ్లీ కుదుర్చుకోవడానికి పోయే రోజులు ఎవరూ లెక్కపెట్టరు. తొందరపడి పారేసిన యంత్రాలు ఎక్కడికి పోతాయో కూడా లెక్కపెట్టం. ఐక్యరాజ్యసమితి నివేదిక ప్రకారం 2022లో ప్రపంచంలో 6.2 కోట్ల టన్నుల ఈ-వ్యర్థాలు పోగయ్యాయి. అందులో పద్ధతి ప్రకారం సేకరించి రీసైకిల్ చేసినట్టు లెక్క తేలింది నాలుగో వంతుకన్నా తక్కువే.

అన్నిటికన్నా ముఖ్యం, ఆ ఆదివారం పక్కన కూర్చున్న పిల్లలు నేర్చుకునేది. ఒకసారి ఒకే మార్పు చేయాలి, ఫలితం రాసుకోవాలి, తర్వాతే ఇంకొకటి ముట్టుకోవాలి. ల్యాబ్ రికార్డులో మేం రాయించేది కూడా ఇదే. తేడా ఏమిటంటే, అక్కడ జవాబు ముందే తెలుసు, ఇక్కడ తెలియదు.

ఆ నాన్నగారి కంప్యూటర్‌కు ఇప్పుడు ఎస్ఎస్‌డీ వేశారు, బాగా నడుస్తోంది. వాళ్ల పాప ప్రతి నెలా ఒకటో తారీఖున ఫైళ్లు కాపీ చేసే బాధ్యత తీసుకుంది. తాతయ్య ఫొటోలు మాత్రం బంధువుల ఫోన్ల నుంచి ఒక్కొక్కటీ అడిగి తెచ్చుకుంటున్నారు. ఇప్పటికి పదకొండు దొరికాయట.

మీ ఇంట్లో కంప్యూటర్ స్లో అయితే ముందు కాపీ చేసుకోండి, తర్వాత కారణం వెతకండి. ఏం కనిపించిందో నోట్‌బుక్‌లో రాసి పిల్లల చేత కంప్యూటర్ పీరియడ్‌కు పంపండి. క్లాసులో అందరం కలిసి చూద్దాం.