పోయిన వేడి ఎక్కడికి పోయింది?

సంక్రాంతి సెలవులకు పాలకుర్తి వెళ్లాను. తెల్లవారుజామున అయిదున్నరకే పెద్దమ్మ వాకిట్లో పొయ్యి రాజేసింది. పత్తి కట్టె చిటపటమంటోంది. పైన కాగులో నీళ్లు. లోపల వంటింట్లో గ్యాస్ పొయ్యి ఉంది కానీ దాని మీద గుడ్డ కప్పి ఉంది.

‘గ్యాస్ ఉండగా ఈ పొగ ఎందుకు పెద్దమ్మా?’ అన్నాను.

‘ఉడుకు నీళ్లకు కూడా గ్యాసే కాలబెడితే సిలిండర్ ఎన్ని దినాలొస్తది బిడ్డా? కట్టెకైతే పైసలు పెట్టేదుందా?’ అంది, కళ్లు తుడుచుకుంటూ.

ఆ పక్కనే చలి కాచుకుంటూ ఆమె మనవరాలు నోటుబుక్కు పట్టుకుని కూర్చుంది. ఇంటర్ ఫస్టియర్. మొహం వేలాడేసుకుని ఉంది. విషయం ఏమిటంటే, ఇథనాల్ మండితే ఎంత వేడి వస్తుందో కొలిచి రాయాలట. దీపంలో ఇథనాల్ పోసి, పైన గిన్నెలో 200 గ్రాముల నీళ్లు పెట్టింది. నీళ్లు 30 డిగ్రీల నుంచి 60 డిగ్రీలకు వేడెక్కేసరికి ఒకటిన్నర గ్రాముల ఇథనాల్ ఖర్చయింది.

‘పుస్తకంలో 1367 ఉంది బాబాయ్. నాకు 769 వచ్చింది. పుస్తకం అంకె వచ్చేటట్టు రీడింగులు మార్చి రాయనా?’

నవ్వొచ్చింది. నేను ఇంటర్ చదివిన రోజుల్లో సరిగ్గా అదే చేశాను. జవాబు ముందు చూసి, దానికి సరిపడే రీడింగులు వెనక నుంచి లెక్కగట్టాను. మార్కులు బాగానే పడ్డాయి. నేర్చుకున్నది మాత్రం సున్నా. అందుకే ‘మార్చకు, ముందు లెక్క చూద్దాం’ అన్నాను.

లెక్క ఇదీ

ఒక గ్రాము నీటిని ఒక డిగ్రీ వేడెక్కించాలంటే 4.18 జౌళ్లు కావాలి. 200 గ్రాములు, 30 డిగ్రీలు. మూడింటినీ గుణిస్తే 25,080 జౌళ్లు, అంటే సుమారు 25 కిలోజౌళ్లు. ఇది ఒకటిన్నర గ్రాముల ఇథనాల్ నీటికి ఇచ్చిన వేడి. ఒక మోల్ ఇథనాల్ అంటే 46 గ్రాములు. ఆ ప్రకారం హెచ్చిస్తే 769 కిలోజౌళ్లు. అమ్మాయి లెక్కలో తప్పు లేదు.

పుస్తకం చెప్పే 1367 కిలోజౌళ్లను దహన ఎంథాల్పీ అంటారు. ఒక మోల్ పదార్థం చాలినంత ఆక్సిజన్‌లో పూర్తిగా మండినప్పుడు, స్థిర పీడనం దగ్గర వెలువడే వేడి అది. దాని ముందు ఋణ గుర్తు పెడతారు. వేడి పదార్థం నుంచి బయటికి పోయిందని ఆ గుర్తుకు అర్థం. జేబులోంచి పోయిన డబ్బును ఖర్చు పద్దులో రాసినట్టే.

ఆ వేడి ఎలా పుడుతుంది? బంధాలు తెగితే వేడి వస్తుందని చాలామంది అనుకుంటారు. నిజానికి తెంచడానికి శక్తి పెట్టాలి. తర్వాత కార్బన్ డయాక్సైడ్‌లో, నీటిలో కొత్త బంధాలు ఏర్పడేటప్పుడు అంతకంటే ఎక్కువ శక్తి తిరిగి వస్తుంది. విత్తనానికీ ఎరువుకూ ముందు పెట్టుబడి పెడితేనే కదా పంట చేతికొచ్చేది! పెట్టుబడి పోను మిగిలినదే దహన ఎంథాల్పీ. అగ్గిపుల్ల గీయకుండా ఏ పొయ్యీ వెలగకపోవడానికి కారణం కూడా ఆ తొలి పెట్టుబడే.

మరి 1367లో 769 పోతే మిగిలిన 598 ఏమైంది? కొంత గిన్నెకు పట్టింది. కొంత చుట్టూ గాలిని వేడెక్కించింది. మంట గాలికి ఊగినప్పుడల్లా కొంత పక్కకు పోయింది. గిన్నె అడుగున మసి ఉందంటే కొంత ఇంధనం పూర్తిగా మండనే లేదన్నమాట. నూటికి 56 వంతులే నీటికి చేరాయి. అమ్మాయి కొలిచింది ఇథనాల్‌ను ఒక్కదాన్నే కాదు, తన పొయ్యిని కూడా!

పెద్దమ్మ పద్దు

ఇదే లెక్క పెద్దమ్మ పొయ్యికి వేశాం. వంట గ్యాస్‌లో ఉండేవి ముఖ్యంగా బ్యూటేన్, ప్రొపేన్. ఒక మోల్ బ్యూటేన్, అంటే 58 గ్రాములు, మండితే సుమారు 2877 కిలోజౌళ్లు. గ్రాముకు దాదాపు 50. అయితే పుస్తకం అంకె మండగా వచ్చిన నీరు ద్రవంగా మారినప్పటిది. మన వంటింట్లో అది ఆవిరిగా ఎగిరిపోతుంది కనుక గ్రాముకు 46 అనుకుందాం. 14.2 కిలోల సిలిండర్‌లో సుమారు 653 మెగాజౌళ్లు. మంచి స్టవ్ అందులో 68 శాతం గిన్నెకు చేరుస్తుంది. అంటే 444.

ఎండిన కట్టె కిలోకు సుమారు 16 మెగాజౌళ్లు ఇస్తుంది. పాతకాలపు మూడు రాళ్ల పొయ్యి గిన్నెకు చేర్చేది నూటికి 10 నుంచి 15 వంతులే. ఎక్కువలో ఎక్కువ 15 అనుకున్నా కిలోకు 2.4. అంటే ఒక్క సిలిండర్ చేసే పనికి 185 కిలోల కట్టె కావాలి. లీటరు నీళ్లు మరగడానికి పదిగ్రాముల లోపు గ్యాస్ చాలు, కట్టె అయితే 120 గ్రాములకు పైనే. కట్టె పచ్చిదైతే ఇంకా నష్టం. అందులోని నీరు ఆవిరి కావడానికే బోలెడు వేడి పోతుంది.

‘పైసలు పెట్టేదుందా’ అన్న పెద్దమ్మ ప్రశ్న తప్పు కాదు. చేలో పత్తి కట్టె ఉంటే డబ్బు ఖర్చు లేదు నిజమే. కానీ 185 కిలోలు నరికి, మోపులు కట్టి, నెత్తిన మోసుకొచ్చిన కష్టం ఏ పద్దులో రాయాలి? 1999లో దీపం పథకం, 2016లో ఉజ్వల, 2024 ఫిబ్రవరిలో తెలంగాణలో అర్హులకు 500 రూపాయల సిలిండర్ వచ్చింది ఈ భారం తగ్గించడానికే. కనెక్షన్ ఇంటికి రావడం ఒక మెట్టు. పొయ్యి మీది గుడ్డ తీయడం ఇంకో మెట్టు.

సగంలో ఆగిన మంట

లెక్క ఇక్కడితో అయిపోతే బాగుండేది. రాత్రి చలికి పెద్దమ్మ బొగ్గుల కుంపటి గదిలో పెట్టుకుని తలుపు వేసుకుంటుందని మాటల మధ్య తెలిసింది. గుండె గుభేలుమంది.

బొగ్గులోని కార్బన్ ఒక మోల్, అంటే 12 గ్రాములు, పూర్తిగా మండితే కార్బన్ డయాక్సైడ్ అవుతుంది. 393.5 కిలోజౌళ్లు వస్తాయి. గాలి చాలకపోతే కార్బన్ మోనాక్సైడ్ దగ్గరే ఆగిపోతుంది. అప్పుడు ఎంత వేడి? నేరుగా కొలవడం కష్టం, ఎందుకంటే మంటను సరిగ్గా సగంలో ఆపలేం. ఈ చిక్కుకు దారి చూపినవాడు రష్యాలో పనిచేసిన రసాయన శాస్త్రవేత్త హెస్. ఏ దారిన వెళ్లినా మొదలూ చివరా ఒకటే అయితే మొత్తం వేడి మారదని 1840లో చెప్పాడు. పాలకుర్తి నుంచి హైదరాబాద్‌కు జనగామ మీదుగా వెళ్లినా, ఇంకో దారిలో వెళ్లినా రెండు ఊళ్ల ఎత్తుల తేడా ఒకటే అయినట్టు. మోనాక్సైడ్‌ను మండిస్తే 283 వస్తాయి. 393.5లోంచి 283 తీసేస్తే 110.5.

అంటే సగం మండిన బొగ్గు ఇచ్చేది పావు వంతుకు కాస్త ఎక్కువ వేడే. మిగిలిన వేడి మోనాక్సైడ్‌లోనే ఉండిపోతుంది. ఆ వాయువుకు రంగు లేదు, వాసన లేదు. రక్తంలోని హిమోగ్లోబిన్‌ను ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. మూసిన గదిలో కుంపటితో పడుకున్నవారు నిద్రలోనే పోయారన్న వార్త ప్రతి చలికాలం పేపర్లో చూస్తూనే ఉంటాం.

మీ ఇంట్లోనూ ఇది గుర్తుంచుకోండి. కుంపటి మూసిన గదిలో వద్దు. కట్టె ఎండిందే వాడండి, గాలి ఆడేలా పేర్చండి. గిన్నెకు మూత పెట్టండి. గ్యాస్ మంట నీలం పోయి పసుపు పచ్చగా వస్తూ గిన్నె నల్లబడితే బర్నర్ శుభ్రం చేయించండి. అది కూడా సగంలో ఆగిన మంటే.

ఆ సాయంత్రం అమ్మాయి రికార్డులో 769 అనే రాసింది. కింద ‘మిగిలిన వేడి ఎక్కడికి పోయింది’ అని ఒక పేజీ రాసింది. పెద్దమ్మ మాత్రం అన్నీ విని, ‘ఇంత లెక్కెందుకు, పానం పోతదని ఒక్క మాట చెప్తే అయిపోవు గదా’ అంటూ కుంపటి వాకిట్లోకి తెచ్చి పెట్టింది. మర్నాడు పొద్దున ఉడుకు నీళ్లు మళ్లీ కట్టెల మీదే కాగాయి. కాకపోతే ఈసారి కాగు మీద మూత ఉంది.